లిఫ్టు దిగని సెంటు

ఆయన మూడో అంతస్తులో లిఫ్టు దిగిపోయాడు. ఆయన సెంటు దిగలేదు. నాతోపాటు ఏడో అంతస్తుదాకా వచ్చి, నన్ను సీటుదాకా సాగనంపి, అక్కడే మకాం పెట్టింది. మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తే గోంగూర పప్పులోంచి కూడా అదే పలకరించింది. గోంగూరనే గెలిచిన వాసన అంటే మా గుంటూరు వైపు వాళ్లకి ఇంక వేరే చెప్పక్కర్లేదు.

ఆయనొక్కడే అయితే మెట్లెక్కి బతికేవాణ్ణి. నా ఎడమపక్క సీటు కుర్రాడు బాడీ స్ప్రేని దోమల మందు కొట్టినట్టు కొడతాడు. కుడిపక్క మేడమ్‌గారి సీసా పారిస్‌ది. ఆ సంగతి సీసా చూడకుండానే అందరికీ తెలియాలని ఆవిడ పట్టుదల. వెనక మేనేజరుగారు దుబాయ్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఊదు తప్ప ఇంకోటి ముట్టరు. ఇవి చాలవన్నట్టు గోడకి ఒక యంత్రం తగిలించారు. మనుషులున్నా లేకపోయినా ఉండుండి 'చుస్'మని లావెండరు చిమ్ముతుంది. కిటికీలకి అద్దాలే తప్ప రెక్కలు లేవు. ఏసీ ఈ నాలుగింటినీ కలిపి, తిప్పి, చల్లార్చి, పదకొండు గంటలకల్లా నా నెత్తిన పోస్తుంది.

ఎవరికీ దురుద్దేశం లేదు, అదే నా బాధ. ఏ వాసనైనా కాసేపటికి ముక్కుకి అలవాటైపోతుంది. పూసుకున్నవాడికి అందరికన్నా ముందు మాయమవుతుంది. "అరె, పోయినట్టుందే" అనుకుని ఇంకో రెండు కొట్టుకుంటాడు. చివరికి గది మొత్తంలో ఆ వాసన తెలియని మనిషి, దానికి డబ్బు పెట్టినవాడొక్కడే. ఖర్చు ఆయనది, అనుభవం మాది.

ఓపిక పట్టీ పట్టీ హెచ్చార్ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"కంప్లైంట్ ఎవరి మీద సార్?"

"వాసన మీదండీ."

"చెమట వాసనా సార్?"

"కాదండీ, మంచి వాసనే."

ఆవిడ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "మంచి వాసన మీద ఏమని రాయను సార్?" అంది. నిజమే, ఫారంలో దానికి గడి లేదు. ఈలోగా ఆవిడ చున్నీ మీదుగా గులాబీల గుబాళింపు ఒకటి తేలి వచ్చింది. నేను గట్టిగా తుమ్మాను. "జలుబు చేసినట్టుంది సార్, లీవు పెట్టుకోండి" అని జాలిపడి పంపేసింది.

ఇక ప్రభుత్వాలే దిక్కనుకుని, ఎక్కడైనా ఎవరైనా ఈ విషయం పట్టించుకున్నారా అని వెతికాను. పట్టించుకున్నారు! కెనడాలో హాలిఫాక్స్ అనే ఊళ్లో 1990ల చివర్నుంచే బళ్లలో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో సెంట్లు పూసుకుని రావద్దంటున్నారు. అమెరికాలో అంటురోగాల సంగతి చూసే సీడీసీ 2009లో తన భవనాల లోపల ఉద్యోగులకి సువాసనల సరుకు వద్దని విధానమే రాసుకుంది. డెట్రాయిట్‌లో నగరపాలక ఉద్యోగిని ఒకామె, సహోద్యోగి సెంటు వల్ల ఊపిరాడటం లేదని కోర్టుకెక్కితే, 2010లో నగరం ఆమెకి లక్ష డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. సెంట్లు, ఆఫ్టర్‌షేవ్‌లు, డియోడరెంట్లు వద్దని ఆఫీసు గోడల మీద నోటీసులు అంటించింది. ఒక్క పొరుగు సీటుకి లక్ష డాలర్లు! నేను కుడిపక్క, ఎడమపక్క, వెనక విడివిడిగా లెక్క కట్టి, లిఫ్టు పెద్దమనిషిని వడ్డీ కింద వేసుకున్నాను.

ఆ లెక్క మన దగ్గర చెల్లదు. మన రాజ్యాల చరిత్రే వేరు. కొండవీటి సంగతి తీసుకోండి. మాది ఆ కోటకి దగ్గరి ఊరు కాబట్టి, తీసుకోనన్నా వదలను.

14వ శతాబ్దం చివర కొండవీడు ఏలిన కుమారగిరిరెడ్డికి ఉన్న బిరుదు కర్పూర వసంతరాయలు. శత్రువుల్ని చెండాడి బిరుదులు తెచ్చుకున్న రాజుల్ని చూశాం, ఈయన మాత్రం కర్పూరం చల్లి తెచ్చుకున్నాడు. ఏటేటా వసంతోత్సవం. కర్పూరం, కస్తూరి, గంధం గుమ్మరించడమే పని. రాజ్యం ఎవరు చూసుకునేవాళ్లంటే బావమరిది కాటయవేముడు. పాపం, ఆయన ఒకపక్క పరిపాలన చూస్తూ, ఇంకోపక్క కాళిదాసు నాటకాలకి వ్యాఖ్యానం రాసి, దానికి బావగారి పేరు పెట్టాడు. ఇప్పటికీ మన ఆఫీసుల్లో పని ఒకరిది, పేరు ఇంకొకరిది కావడానికి మూలం అక్కడుందేమో చూడాలి.

ఇన్ని సుగంధాలు ఎవరు తెచ్చేవాళ్లు? అవచి తిప్పయ్యశెట్టి. ఓడల మీద వ్యాపారం. సింహళం నుంచి ఏనుగులు, హొర్మూజ్ నుంచి గుర్రాలు, చైనా నుంచి పట్టుబట్టలు, గోవా నుంచి పునుగు, హిమాలయాల వైపు నుంచి కస్తూరి. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఈ శెట్టిగారికే అంకితమిచ్చి, ఆ సరుకుల జాబితా పద్యంలో పెట్టాడు. పండితులు ఆ పద్యం చదివి ఆనాటి ఓడ వ్యాపారం ఎంత గొప్పదో అంటారు. నాకు మాత్రం శెట్టిగారి కొట్లో చిట్టా రాసే గుమాస్తా గుర్తొస్తాడు. ఆయన గురించి ఏ కవీ రాయలేదు. ఒక మూల పునుగు డబ్బా, ఇంకో మూల కస్తూరి సంచి, నెత్తిమీద కర్పూరం బస్తా, పెరట్లో సింహళపు ఏనుగు. పునుగంటే ఏమిటనుకున్నారు? పిల్లి తోక కింద గ్రంథిలోంచి వచ్చేది. చిటికెడైతే దేవుడికి పనికొస్తుంది, డబ్బాడైతే గుమాస్తాని చంపుతుంది. ఎవరితో మొరపెట్టుకుంటాడు? శెట్టిగారితో అంటే "ఆ వాసనే మనకి అన్నం పెడుతోందిరా" అంటాడు. రాజుగారి దాకా వెళ్తే ఆయన బిరుదే కర్పూరం. సాయంత్రం ఇంటికెళ్తే గుమాస్తా భార్య, "ఎక్కణ్ణుంచి వస్తున్నారు, ఇంత ఘుమఘుమలాడుతూ?" అని అడిగుంటుంది. ఆ ప్రశ్నకి నిజం చెప్పి నమ్మించగలిగిన మగాడు కొండవీటి సీమలో ఆనాడూ లేడు, ఈనాడూ లేడు.

ఆరువందల ఏళ్లు దాటినా నా ఫిర్యాదు ఆ గుమాస్తా దగ్గర ఆగిన చోటే ఉంది. పైగా ఇప్పుడు సెంటు సీసా మీద జీఎస్టీ వస్తోంది. వచ్చే పన్నుని ఏ ప్రభుత్వమైనా తుమ్ములకి భయపడి వదులుకుంటుందా?

వదులుకుందనే అనుకుందాం. బహిరంగ స్థలాల్లో పొగ తాగొద్దని 2008 అక్టోబరు 2న అన్నారు. పొగ కంటికి కనిపిస్తుంది, పట్టుకోవచ్చు. సెంటుని పట్టుకోవాలంటే ముక్కున్న ఇన్‌స్పెక్టరు కావాలి, ఆయనకి జలుబు లేని రోజు కావాలి. మినహాయింపులు ఎన్నని! మల్లెపూలు మూర వరకు ఉచితం, మూరన్నర దాటితే నోటీసు. శుక్రవారం అగరొత్తులకి అనుమతి. దసరాకి సర్వరు రూములో సాంబ్రాణికి ప్రత్యేక జీవో. తిరుమలలో శుక్రవారం అభిషేకమయ్యాక స్వామివారికే పునుగు తైలం రాస్తారు, మన మంత్రిగారు దర్శనం చేసుకుని వచ్చి నిషేధం ఫైలు మీద సంతకం పెట్టాలి. అన్నిటికన్నా ముందు పోయేది నా జేబులో అమృతాంజనం సీసా. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కనిపెట్టిన మందు, దాని డబ్బులతో ఆంధ్రపత్రిక నడిచింది. ఇవేవీ ఇన్‌స్పెక్టరు ముక్కుకి తెలియవు. సెంటు వల్ల తలనొప్పి వచ్చినవాడు చలానా కట్టి బయటికి నడుస్తాడు.

ఇదంతా హాస్యానికి అంటున్నానుగానీ, నిషేధం వస్తే మొదటి నోటీసు ఎవరికి అందుతుందో నాకు తెలుసు. ఊదు మేనేజరుగారికి మాత్రం అందదు. ఆ మధ్య మా ప్యాంట్రీలో మైక్రోవేవ్ మీద ఎవరో కాగితం అంటించారు, ఘాటు వాసన వచ్చే తిండి వేడి చేయరాదని. కింద సంతకం లేదు, పైన పేరు లేదు. ఎండుచేపల కూర తెచ్చుకునే కుర్రాడు మర్నాటి నుంచి కింద పార్కింగులో బండి మీద కూర్చుని తింటున్నాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. ఈ ఊళ్లో ఇల్లు అద్దెకి అడిగితే జీతం కన్నా ముందు 'ఏం తింటారు' అని ఆరా తీస్తారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రెండు బస్సులు మారి, ఎండలో నిలబడి, లోపలికి వచ్చే ముందు జేబులోంచి చిన్న సీసా తీసి చొక్కా మీద చల్లుకుంటాడు, మనలో ఎవరైనా ముక్కు చిట్లిస్తారేమోనని. ఆ సెంటూ నాకు పడదు. కానీ దాన్ని ఆపమని చట్టం అడగటానికి నోరు రావడం లేదు.

ప్రభుత్వం చేయదగిన పనులు వేరే ఉన్నాయి. ఐరోపాలో ఒంటికి దురదలూ దద్దుర్లూ తెచ్చే 26 సువాసన పదార్థాల పేర్లు సీసా మీద రాయాలని 2003లోనే చట్టం చేశారు, 2023లో ఆ జాబితా 80 దాటింది. అలాంటిదొకటి ఇక్కడా గట్టిగా అమలు చేయొచ్చు. ఆఫీసు కట్టేవాడు తెరుచుకునే కిటికీలు పెట్టి తీరాలనొచ్చు. గోడల మీది యంత్రాలని పీకించొచ్చు. అందులో నిమ్మవాసన రకాలు మరీ ఘోరం. వాటిలోని లిమోనిన్ గదిలో ఓజోన్‌తో కలిస్తే కాస్త ఫార్మాల్డిహైడ్ పుడుతుంది, శవాలు పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌లో ఉండేది అదే.

ఇదంతా వివరంగా రాసి, యంత్రం తీసేయమని మెయింటెనెన్స్ వాళ్లకి అర్జీ పెట్టాను. వెంటనే మనిషిని పంపారు. స్టూలెక్కి మూత తీశాడు, ఏదో విప్పాడు, ఏదో బిగించాడు.

"అయిపోయింది సార్. మీకు లావెండరు పడట్లేదన్నారంట కదా, నిమ్మకాయ వాసనది పెట్టేశా."