స్వాప్ నిండెను: టీకా తాత్పర్య సహితము

మూలం: ర్యామ్ నిండె, స్వాప్ నిండె, మౌసు కదలదాయె, అయినను సిస్టము సుఖముగా నున్నది.

అవతారిక: లినక్స్ ల్యాప్‌టాప్ బిగుసుకుపోగా పవర్ బటన్ మీద వేలు పెట్టిన గృహస్థును వారిస్తూ ఒకానొక నిపుణుడు పలికిన వాక్యమిది. హ్యాంగ్ కాలేదట, పనిలో ఉందట.

ప్రతిపదార్థం: పిల్లలకు సైతం తెలిసినవే కనుక వదిలేశాం.

అన్వయం: డిస్కు దీపం మిణుకుతోంది కనుక సిస్టం ప్రాణంతో ఉన్నదని నిపుణుడి అనుమాన ప్రమాణం. పొగను చూసి నిప్పును ఊహించే తార్కికుల పాత ఉదాహరణలో లాగే కొండ పక్షం, పొగ హేతువు, నిప్పు సాధ్యం, వంటిల్లు సపక్షం, చెరువు విపక్షం, అంతా శాస్త్రోక్తమే. కానీ ఈ ల్యాప్‌టాప్‌కు డిస్కు దీపమే లేదు! పక్షంలో లేని హేతువును పట్టుకొచ్చి వాదించడం స్వరూపాసిద్ధమనే హేత్వాభాస. అన్నంభట్టు తర్కసంగ్రహంలో శబ్దం కంటికి కనబడుతుందంటూ వాదించేవాడున్నాడే, వాడి బంతిలోనే నిపుణుడికీ విస్తరి వేయాలి. ‘దీపమున్న డెస్క్‌టాప్ మాటేమి?’ అని పూర్వపక్షి. అక్కడ సవ్యభిచారం: సినిమా కాపీ అవుతున్నా ఆ దీపం వెలుగుతుంది, కొంప మునుగుతున్నా వెలుగుతుంది. అన్నట్టు, అన్నంభట్టు తన గ్రంథానికి తానే ‘దీపిక’ రాసుకున్నాడు. దానిపై నీలకంఠుడు ‘ప్రకాశిక’ రాశాడు. దానిపై ఆయన కొడుకు లక్ష్మీనృసింహుడు ‘భాస్కరోదయ’ రాశాడు. ఇంత వెలుగులోనూ మౌసు కదల్లేదు.

విశేషం: కెర్నెల్ దానశీలి. ఉన్నదానికి మించి మెమరీ ఇస్తానని ప్రోగ్రాములన్నిటికీ ముందే మాటిచ్చేస్తుంది. తీరా నిండాక, నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్ పేజీలనే పారేస్తుంది, డిస్కులో నకలుంది కదా అని. మరుక్షణం అవే కావాలి. మళ్ళీ చదువుతుంది, మళ్ళీ పారేస్తుంది. స్వాప్ మొత్తం తీసేసినా ఈ గతి తప్పదు. పారేయడానికి ఏదో ఒకటి దొరికినంతసేపూ మెమరీ అయిపోయిందని ఒప్పుకోదు. ఒప్పుకుంటే గానీ ప్రోగ్రాములను చంపి మెమరీ విడిపించే ఓఓఎం కిల్లర్ రంగంలోకి దిగదు. ఈ జాడ్యానికి థ్రాషింగ్ అని పేరు. దాని కారణాలనూ నివారణనూ పీటర్ డెనింగ్ 1968లోనే రాసిపెట్టాడు. ప్రోగ్రాములు మెమరీ కోసం ఎంతసేపు పడిగాపులు పడుతున్నాయో కొలిచే సాధనం లినక్స్ 4.20కి, అంటే 2018 డిసెంబరుకి వచ్చింది. యాభై ఏళ్ళు! కొలిచేది కూడా కెర్నెలే. ఆ కొలతను చూసి ఎవణ్ణో ఒకణ్ణి చంపడం మాత్రం దాని పని కాదట. అందుకు వేరే డీమన్‌ను పెట్టుకోవాలి. ఫెడోరా 2021లో పెట్టుకుంది.

ఆల్ట్, సిస్‌రిక్యూ, ఎఫ్ కలిపి నొక్కితే కిల్లర్ వస్తాడని నిపుణుడి ఉపదేశం. ఉబుంటులో ఆ దారి డిఫాల్టుగా మూసే ఉంటుంది. తెరిచే కమాండు కొట్టడానికి టెర్మినల్ కావాలి. టెర్మినల్ తెరవడానికి మెమరీ కావాలి. దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు, నిపుణులు కాన్ఫిగరేషన్ అంటారు.

తాత్పర్యం: ట్యాబులు తక్కువ తెరువుమని భావం. అయ్యా, తెరిచినవి మూసేద్దామనే కదా ఆ మౌసును ఇందాకటి నుంచీ లాగుతున్నది! సేవ్ చెయ్యని ఫైలు అందులోనే ఉంది. సిస్టము సుఖమంటారా, సరే. ఆ గృహస్థు ఊసు మూలంలో లేదు. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు కనుక మేమూ ఎత్తం.