ఎనభై పేజీల ‘ఏమో’

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొనబోయే తెలుగువాడికి ఇద్దరు సలహాదారులు ఉంటారు. మొదటివారు ఊళ్లో ఉండే సిద్ధాంతిగారు. వాట్సాప్‌లో పంపిన ఫ్లోర్ ప్లాన్ చూసి రెండు నిమిషాల్లో తేల్చేస్తారు: “ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉంది నాయనా, వదిలెయ్.” రెండోవారు రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్‌లో సభ్యులు. 1868 నాటి సంస్థ, పేరు చివర అక్షరాలు, కారు డిక్కీలో నిచ్చెన, మెళ్లో బైనాక్యులర్స్. వందల పౌండ్ల ఫీజు పుచ్చుకుని, పూటంతా ఇల్లు తిరిగి, వారం పోయాక 80 పేజీలు పంపిస్తారు. సిద్ధాంతిగారు ఇల్లు చూడకుండానే చెప్పేశారు. సర్వేయరుగారు చూసి కూడా చెప్పరు.

ఆకుకు అందకుండా, పోకకు పొందకుండా రాయడం ఎలాగో నేర్చుకోవాలంటే ఈ రిపోర్టుకు మించిన వాచకం లేదు. కప్పు మీద స్లేటు పలకలు కొన్ని జారి ఉండే అవకాశం లేకపోలేదు. అటక నిండా సామాన్లున్నాయి కనుక దూలాలకు పురుగు పట్టలేదని నిర్ధారించలేం. తివాచీ పరిచి ఉంది కనుక కింద చెక్క ఎలా ఉందో తెలియదు. మురుగు గొట్టాలు భూమిలో ఉన్నాయి కనుక కనిపించలేదు. ప్రతి పేరా చివరా ఒకటే పల్లవి: కొనేముందు నిపుణుణ్ని సంప్రదించండి. నిపుణులనుకునే కదా ఈయన్ని పిలిచింది!

న్యాయంగా చెప్పాలంటే ఆయన చేతులూ కొంత కట్టేసే ఉంటాయి. ఇల్లు ఇంకా అమ్మేవాళ్లదే. బీరువా జరపడానికి లేదు, తివాచీ లేపడానికి లేదు, గచ్చు తవ్వడానికి అసలే లేదు. నిచ్చెన 3 మీటర్ల దాకానే, ఆపైన బైనాక్యులర్సే దిక్కు. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ రంగులతోనే. ఇంట్లో ఒక్కో భాగానికి ఒక్కో అంకె వేస్తారు: 1 అంటే పచ్చ, ఫరవాలేదు. 2 అంటే కాషాయం, బాగుచేయించాలి గానీ కొంపమునిగిపోదు. 3 అంటే ఎరుపు, వెంటనే చూడాలి.

రాత్రి భోజనాలయ్యాక దంపతులిద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చుని ఈ ఎర్ర గళ్లు లెక్కపెట్టడం మొదలెడతారు. కరెంటు 3. గ్యాసు 3. హీటింగ్ 3. భార్య మొహం చూసి భర్త, భర్త మొహం చూసి భార్య హడలిపోతారు. ఇంతకీ వైర్లు కాలిపోయాయా? లేదు. తనిఖీ సర్టిఫికెట్ చూపించలేదు, అంతే. కాగితం లేకపోతే చాలామంది సర్వేయర్లు కళ్లు మూసుకుని 3 వేసేస్తారు. వాసం పుచ్చి కప్పు వంగినా 3, డ్రాయర్లో కాగితం దొరక్కపోయినా 3. ప్రాణానికి ముప్పూ ఫైల్లో ఖాళీ ఒకే రంగులో మెరుస్తుంటే, కొనేవాడికి ఏది చూసి భయపడాలో ఎలా తెలుస్తుంది?

ఈ భాష ఎక్కణ్నుంచి పుట్టిందో తెలియాలంటే నారిచ్ పట్టణం వెళ్లాలి. 1980లో అక్కడ ఒకావిడ ఓ వరస ఇల్లు 18,000 పౌండ్లకు కొన్నారు. అప్పిచ్చే సంస్థకు 36 పౌండ్ల 89 పెన్స్ ఫీజు కట్టారు, వాళ్లు తమ తరఫున ఒక వాల్యూయర్‌ను పంపారు. అత్యవసరంగా చేయించాల్సిన రిపేర్లేమీ లేవని రిపోర్టు వచ్చింది. ఆవిడ వేరే సర్వే చేయించుకోలేదు. అసలు సంగతేమిటంటే, పొగగొట్టాన్ని కింద నుంచి మోసే ఇటుక కట్టడాన్ని మేడ గదిలో ఎవరో ఎప్పుడో తీసేశారు. అటకలో మిగిలిన భాగం ఏ ఆధారమూ లేకుండా నిలబడి ఉంది. వాల్యూయర్ గదిలో లోటు చూశారు గానీ, పైన దాన్ని ఏది మోస్తోందని తలెత్తి చూడలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ ఇటుకలు అటకను చీల్చుకుని పడగ్గదిలోకి దిగాయి.

కేసు ‘స్మిత్ వర్సెస్ ఎరిక్ ఎస్. బుష్’ పేరుతో ప్రభువుల సభ దాకా వెళ్లింది. మా రిపోర్టుకు మాది పూచీ కాదని ముందే రాసుకున్నాం కదా అన్నారు వాల్యూయర్ల పక్షం. 1989లో తీర్పు వచ్చింది. మామూలు ఇల్లు కొనే మామూలు మనిషి విషయంలో ఆ రాతకోత చెల్లదని, 1977 నాటి అన్యాయ ఒప్పందాల చట్టం ప్రకారం అది సమంజసం కాదని తేల్చేశారు. గొప్ప తీర్పు, సందేహం లేదు. కానీ వృత్తి కూడా పాఠం నేర్చుకుంది. ‘నాది పూచీ కాదు’ అని ఒక్కచోట రాస్తే కోర్టు కొట్టేస్తోంది కనుక, దాన్నే పొడి చేసి పేజీ పేజీనా చల్లుకోవడం మొదలైంది.

ఇంకా ముచ్చటైంది డెవన్‌లోని ఓ ఇంటి కేసు. 2011లో 12 లక్షల పౌండ్లకు కొన్నారు. దాదాపు కొత్తగా తిరగగట్టిన ఇల్లు కనుక మధ్యరకం సర్వే చాలన్నారు సర్వేయరు. దిగాక గోడల్లోంచీ కప్పులోంచీ నీళ్లు. చూడలేని భాగాల గురించి తగినంత హెచ్చరించలేదని, పని సరిగా జరిగిందని ధ్రువీకరించే పత్రం అడగమని కొనేవాళ్లకు చెప్పలేదని తప్పుబట్టి, కోర్టు 7,50,000 పౌండ్ల నష్టపరిహారం వేసింది. 2021లో అప్పీలు కోర్టూ దాన్నే నిలబెట్టింది. తక్కువ ‘ఏమో’లు రాసినందుకు ఇంత జరిమానా పడ్డాక, ఆ తీర్పు చదివిన ప్రతి సర్వేయరూ ఆ రాత్రే తన మూస రిపోర్టులో ఇంకో డజను చేర్చుకుని ఉంటే ఆశ్చర్యమేముంది?

ఇక చెమ్మ. పాత ఇంటి రిపోర్టుకు ఇదే ఆయువుపట్టు, అసలు వ్యాపారం జరిగేదీ ఇక్కడే.

ఇంగ్లండ్ ఇళ్లలో ఇంచుమించు ఐదో వంతు 1919కి ముందు కట్టినవి. వాటికి ఎక్కువగా తొమ్మిదంగుళాల నిండు ఇటుక గోడ, సున్నం గచ్చు. వాన పడితే గోడ కాస్త తాగుతుంది, ఎండా గాలీ తగిలితే వదిలేస్తుంది. గానుగ సున్నంతో కట్టిన మన మండువా ఇళ్ల గోడలదీ ఇదే స్వభావం. అలాంటి గోడకు తర్వాతెవరో బయట సిమెంటు పూశారు, లోపల ప్లాస్టిక్ రంగు వేశారు, నిప్పుగూడు మూసేశారు, సందులేని డబుల్ గ్లేజింగ్ కిటికీలు బిగించారు. ఆపైన కాపురముండేవాళ్లు: పొద్దున్నే ఇడ్లీ పాత్ర, మధ్యాహ్నం కుక్కర్ కూతలు, చలికాలం నాలుగు నెలలూ రేడియేటర్ల మీద తడి బట్టలు. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? చల్లగా ఉన్న గోడ అడుగునే పేరుకుంటుంది.

సర్వేయరు రెండు సూదులున్న మీటరు తీసి అక్కడ గుచ్చుతారు. అది కీచుమంటుంది. ఆ మీటరులో శాతాలు కొలతకట్టింది చెక్కకు. గచ్చు మీద పెడితే అది చెప్పేది శాతం కాదు, ఇక్కడికీ అక్కడికీ తేడా మాత్రమే. గోడలో ఉప్పు పేరుకున్నా అరుస్తుంది, కాగితం వెనక లోహపు రేకు ఉన్నా అరుస్తుంది. అయినా రిపోర్టులో ఎక్కేది ఒకటే: చెమ్మ అధికంగా నమోదైంది, నిపుణుల కంపెనీ చేత తనిఖీ చేయించండి.

ఆ నిపుణుల కంపెనీ తనిఖీ ఉచితం! ఉచితంగా వచ్చి చూసిన మనిషి జీతం ఎక్కణ్నుంచి వస్తుందని ఒక్కరూ అడగరు. ఆయన అమ్మేది గోడ అడుగున చిల్లులు పెట్టి ఎక్కించే రసాయనం. ఆయన మీటరూ అరుస్తుంది. నేలలోంచి చెమ్మ ఎగబాకుతోందంటారు, ఒక మీటరు ఎత్తు దాకా పాత గచ్చు కొట్టేసి నీరు చొరని గచ్చు పూస్తారు, 20 ఏళ్ల గ్యారంటీ కాగితం చేతిలో పెడతారు. ఆ తర్వాత అదే మీటరు గుచ్చితే కీచుమనదు, ఎందుకంటే అది ఇప్పుడు కొత్త గచ్చునే తాకుతోంది. వెనక గోడ ఎప్పటిలాగే తడి. బయట గట్టర్ విరిగి నీళ్లు గోడ మీదే కారుతుంటాయి, పెరట్లో ఎవరో మట్టిపోసి ఇంట్లో నేల కన్నా ఎత్తుగా గచ్చు వేసి ఉంటారు. వాటికి పట్టే ఖర్చు తక్కువ, అందుకే వాటి జోలికి పోయేవారూ తక్కువ.

నేల చెమ్మే లేదని ఎవరూ అనడం లేదు. అది ఇంత తరచుగా కనిపించడమే విడ్డూరం. ఇటుకపని తెలిసిన పత్రికా రచయిత జెఫ్ హోవెల్ 2008లో ‘ది రైజింగ్ డ్యాంప్ మిత్’ అని ఏకంగా పుస్తకమే రాశారు. 2022లో సర్వేయర్ల సంస్థ, హిస్టారిక్ ఇంగ్లండ్, చెమ్మ కాంట్రాక్టర్ల తరఫు ప్రాపర్టీ కేర్ అసోసియేషన్ మూడూ కలిసి, పాత కట్టడాల్లో చెమ్మకు ముందు కారణం వెతకాలని ఉమ్మడి ప్రకటన చేశాయి. కారణం వెతికాకే మందు వేయాలని చెప్పడానికి మూడు సంస్థలు, ఒక ఉమ్మడి ప్రకటన కావలసి వచ్చింది.

పగుళ్ల సంగతి కొంత నయం. 1976 కరవులో లండన్ బంకమట్టి ఎండి కుంచించుకుపోయి ఇళ్లు కుంగిన దగ్గర్నుంచీ గోడ మీద గీత కనపడితే అందరికీ గుండె దడే. కానీ ఇక్కడ కనీసం కొలబద్ద ఉంది: భవన పరిశోధన సంస్థవారి పట్టిక ప్రకారం 5 మిల్లీమీటర్ల దాకా పగులు చాలామటుకు చూపుకు సంబంధించిన లోపమే. వందేళ్ల ఇల్లు ఏ కాలంలోనో ఒకపక్కకు ఒరిగి, అప్పటికే సర్దుకుని ఉంటుంది. రిపోర్టు మాత్రం ‘పాత కదలికే, ఇప్పుడు ఆగినట్టుంది, ఇకముందు ఉండదని చెప్పలేం’ అంటుంది. ఇకముందు సంగతి సిద్ధాంతిగారిని అడగాలి కాబోలు.

తప్పంతా సర్వేయరుదే అనడమూ అన్యాయమే. విక్టోరియా కాలపు ఇంటికి లోతైన లెవల్ 3 సర్వే అవసరమని తెలిసీ, రెండు మూడు వందల పౌండ్లు మిగులుతాయని లెవల్ 2 చేయించే మహానుభావులున్నారు. వీరే గుమ్మం దిక్కు సరిచేయడానికి వేలు పోస్తారు. ఇంకొందరు ‘బ్యాంకు చూసింది కదండీ’ అని నిశ్చింతగా ఉంటారు. బ్యాంకు చూసుకున్నది తన అప్పు మునగదని. అదీ ఈమధ్య చాలాసార్లు మనిషిని పంపకుండా కంప్యూటరు చేతే కానిచ్చేస్తోంది. మూడోరకం వాళ్లు రిపోర్టు చదవరు, ఎర్రగళ్లు మాత్రం లెక్కపెట్టి ఏజెంటుకు పంపి పదివేలు తగ్గించమంటారు. ధర తగ్గాక ఆ డబ్బు కప్పుకు వెళ్తుందా? సోఫాకు వెళ్తుంది.

హైదరాబాద్ వాళ్లు దీనికి నవ్వేముందు కాస్త ఆగాలి. మారేడుపల్లిలో పాత ఇల్లు కొనేటప్పుడు వకీలు లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఈసీ తీయిస్తారు, బ్యాంకు మనిషి టేపుతో కొలుస్తారు. పెచ్చులూడిన స్లాబులో ఊచలు ఎంత తుప్పుపట్టాయో సుత్తితో కొట్టి చూసేవారు ఎందరు?

స్కాట్లండ్‌లో 2008 డిసెంబరు నుంచి అమ్మేవాళ్లే ముందుగా సర్వే చేయించి, కొనేవాళ్లందరికీ ఒకే రిపోర్టు చూపించాలి. ఇంగ్లండ్‌లోనూ 2007లో అలాంటిదొకటి మొదలెట్టారు, కానీ ఇంటి స్థితి చెప్పే రిపోర్టును అంతకు ముందు ఏడాదే తప్పనిసరి జాబితాలోంచి తీసేశారు. ఊరేగింపు మిగిలింది, దేవుడు లేడు. 2010లో కొత్త ప్రభుత్వం రాగానే ఊరేగింపూ ఆపేశారు.

కాబట్టి కొనేవాడికి మిగిలింది 80 పేజీలూ ఒక ఎర్ర పెన్సిలు. సర్వేయరు కళ్లతో చూసిందేదో, చూడలేక భయపడిందేదో విడదీసుకుంటూ పోతే, ఫొటో ఉన్న మాటలు చివరికి నాలుగైదు పేజీలకు మించవు. ఆ నాలుగైదు పట్టుకుని ఆయనకే ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఆయన వేరే మనిషి. “కప్పు వెనకవైపు పలకలు మార్పించండి, గట్టర్ బాగుచేయించండి, ఆ చెమ్మ కంపెనీవాళ్లను గుమ్మం తొక్కనివ్వకండి. మా అమ్మాయి కొంటానన్నా నేను వద్దనను” అంటారు ఠపీమని. ఇదే మాట రాతలో ఇస్తారా అని అడిగితే అలాగేనంటారు. రెండు రోజుల్లో ఈమెయిలు వస్తుంది. ఫోన్‌లో జరిగిన సంభాషణను సర్వేలో భాగంగా పరిగణించరాదని అందులో మొదటి వాక్యం.