బకాసురుడి ఖాతా

భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం మా నిజామాబాద్ జిల్లా బోధన్ పట్టణమే అని ఇక్కడివాళ్ల నమ్మకం. వాడి తిండి రోజూ బండెడన్నం, రెండు దున్నలు, బండి తోలుకుపోయిన మనిషి. ఆ లెక్కన దేశంలో మొదటి టిఫిన్ బండి మా జిల్లాలోనే నడిచింది. గిరాకీ మాత్రం ఒక్కడే, వాడూ పైసలిచ్చే రకం కాదు.

ఇప్పటి బండ్లు నిజామాబాద్ బస్టాండు దగ్గర, స్టేషన్ రోడ్డులో తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తాయి. ఇడ్లీ, వడ, పూరీ, మైసూర్ బజ్జి. మహారాష్ట్ర పక్కనే కాబట్టి కొన్నిచోట్ల పోహా. ముప్పై, నలభై రూపాయలకు కడుపు నిండుతుంది, పల్లీ చట్నీ అడిగినన్నిసార్లు పోస్తారు. దవాఖానాల పేట ఖలీల్‌వాడిలో అయితే ఇంకా ముచ్చట. 'బయటి తిండి బంద్' అని డాక్టర్ చెప్పిన పేషెంటు లోపల గ్లూకోజు ఎక్కించుకుంటుంటే, ఆ మాట శ్రద్ధగా విన్న బంధువులంతా బయట బండి చుట్టూ ప్లేట్లు పట్టుకొని ఉంటారు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఈ బండ్లవాళ్ల మీద చాలా ప్రేమ చూపింది. ఊరి జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటివ్వాలంది. 2011 జనగణనలో నిజామాబాద్ జనం మూడు లక్షల పదకొండు వేలు. అంటే ఏడు వేల ఏడొందల మందికి పైగా చోటుండాలి. కాగితం మీద ఇంత జాగా దొరికినవాళ్లు మోరీ మీద బండపై బండి నిలుపుకోవడం ఎందుకో!

అక్కడికే వస్తారు సార్లు. లాఠీ ఉన్న సారు ఒకరు, చీటీల బుక్కు ఉన్న సారు ఇంకొకరు. ఇద్దరూ తిని ఊరికే పోతారు. "పైసలు అడగవా కాకా?" అంటే బండాయన పెనం మీంచి తలెత్తకుండానే అన్నాడు: "అడిగితే బండి ఏడ వెట్టుకోవాలె?"

అయినా ప్లేటు ఇడ్లీతో సరిపెట్టుకునేవాళ్లు పాపం చిన్నవాళ్లు. పెద్ద ఆకలి చూడాలంటే బోధన్ శక్కర్‌నగర్ పోవాలి. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ పడింది. చెరకు బండి, ఎద్దులు, బండి తోలిన రైతు, మిషను నడిపిన కార్మికుడు, అన్నీ వరసగా పోయాయి. ఈ బకాసురుడు ఏ పార్టీ వాడో తేల్చలేక భీముళ్లు ఎన్నికలకొకరు చొప్పున మారుతున్నారు. 2024 జనవరిలో ఫ్యాక్టరీ తెరిపించడానికి మంత్రి అధ్యక్షతన కమిటీ వేశారు. రాత్రి పిండి రుబ్బి పొద్దున ఇడ్లీ దించడానికి కాకా ఇంతవరకు ఏ కమిటీ వేయలేదు. అందుకే కాబోలు, అది రోజూ అవుతోంది.

శక్కర్‌నగర్‌లో చాయ్ బండి దగ్గర "శక్కర్ తక్కువ" అన్నాను.

"ఈడ ఎన్నడో తక్కువైంది సార్" అన్నాడు చాయ్ బండాయన.

రెండు బజ్జీలు పార్సిల్ అడిగితే న్యూస్ పేపర్ చించాడు. అందులో తిండి చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ చెప్పింది కదా అన్నాను. ఆయన ఆ ముక్కను వెలుగుకు పట్టి చూశాడు.

"ఇది ఫ్యాక్టరీ తెరుస్తమన్న వార్త సార్. ఏం గాదు, ఎన్నడూ దేనికీ అంటలే."