పనసతొనకూ కిక్కే!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ ఊరి ఆర్టీసీ డ్రైవరన్నకైనా ఊదుడు మిషను మాటే వేదం. 2025 జూలైలో కేరళలోని పందళం డిపోలో ఆ వేదమే కాస్త తూలింది. పొద్దున్నే పనసతొనలు తిన్న డ్రైవర్లను మిషను తాగుబోతుల్లో కలిపేసింది. మందు ముట్టని ఒకాయన ముందు ఊదితే సున్నా, తొనలు నమిలి ఊదితే పాజిటివ్! పులిసిన పండు మహిమ మరి.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ అడిగేది రక్తం లెక్క. 100 మిల్లీలీటర్లలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. తొలిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మిషను చూసేదేమో ఊపిరి! దాన్ని దాదాపు 2,100తో హెచ్చవేసి రక్తం లెక్క చెప్పేస్తుంది. నోట్లో నిలిచిన పులిసిన పండు ఆవిరికీ అదే ఎక్కం.

మధిర డిపో డ్రైవరు కేసులో తెలంగాణ హైకోర్టు, ఊదుడు రిపోర్టు ఒక్కటే చూసి కొలువు పీకేయడం కుదరదంది. రక్తపరీక్ష ఉంది కదా? ఉంది, ఆసుపత్రిదాకా తీసుకుపోయే ఓపికే కరువు.

ఆ ఓపిక వచ్చేదాకా కుప్పం బస్సు తోలే అన్నలు పనస బండి వైపు చూడకపోతే మేలు. మదనపల్లె టమాటా మాత్రం ఇంకా ఏ మిషనుకూ చిక్కలేదు లెండి!