బండి ఇక్కడ, ఆఫీసు అక్కడ

నిజాం రాజ్యంలో రైలు కంపెనీ పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. గ్యారంటీ దేనికి? బండి వేళకు వస్తుందనా, సీటు దొరుకుతుందనా? అబ్బే! 1883లో లండన్‌లో పుట్టిన ఆ కంపెనీ వాటాదార్లకు ఇరవై ఏళ్లపాటు నూటికి 5 వంతున వడ్డీ ముట్టజెబుతానని నిజాం ఖజానా ఇచ్చిన మాట అది. బండి ఎక్కేది ఆలేరు రైతు, వడ్డీ లెక్కబెట్టుకునేది లండన్ దొర. ఇదే గ్యారంటీ మోజులో చాందా దాకా వేయ తలపెట్టిన లైను షరతులేమిటో బయటపెట్టండని అడిగినవాళ్లలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. అదే ఏడాది ఆయనను రాజ్యం పొలిమేర దాటించారు. చాందా లైను పడకముందే దాని పేరు మీద జరిగిన తొలి ప్రయాణం బహుశా అదే.

1930 ఏప్రిల్ 1న నిజాం సర్కారే కంపెనీని కొనేసింది. తేదీ చూసి నవ్వనక్కర్లేదు, బ్రిటిష్ ఇండియా సర్కారు లెక్కలకు కొత్త సంవత్సరం ఆ రోజే. వడ్డీ తిన్న లండన్ తన సొంత రైళ్లను జాతీయం చేసుకున్నది 1948లో. లేబర్ పార్టీ కన్నా ఒక నవాబు 18 ఏళ్లు ముందే సోషలిస్టు అయ్యాడన్నమాట.

తర్వాత దేశం వంతు వచ్చింది. స్వతంత్ర భారతం చేతికి చిక్కిన 40కి పైగా రైల్వేలను కలిపి జోన్లు కట్టారు. 1951 నవంబర్ 5న నిజాం రైల్వేను గ్రేట్ ఇండియన్ పెనిన్సులా (జీఐపీ), సింధియా, ధోల్‌పూర్ రైల్వేలతో కలిపి సెంట్రల్ రైల్వే అన్నారు. ప్రధాన కార్యాలయం బొంబాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లు పెద్దగా ఆశ్చర్యపడి ఉండరు. బతుకుదెరువుకు బొంబాయి పోవుడు వాళ్లకు తెలిసిన ముచ్చటే. ఈసారి ఆఫీసు కూడా వలసపోయింది, అంతే.

1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టి, ఆఫీసు సికింద్రాబాద్‌కు వాపసొచ్చింది.

ఆఫీసు తిరిగినంత చురుగ్గా పట్టాలు తిరగలేదు. పాత నల్లగొండ జిల్లా భువనగిరి మీదుగా వరంగల్‌కు 1886 నాటికే బండి నడిచింది. నల్లగొండ ఊళ్లో కూత వినపడింది మాత్రం 1980ల చివర, బీబీనగర్–నడికుడి లైను పడ్డాకే. నూరేళ్లు ఎదురుచూసిన స్టేషన్ కదా, దగ్గరలో పెద్దదిక్కు ఉంటే బాగుండేది. 2003లో దక్షిణ మధ్య రైల్వేలో గుంటూరు డివిజన్ ఏర్పడింది, నల్లగొండను, మిర్యాలగూడను దాని కింద వేశారు. నల్లగొండకు హైదరాబాద్ పట్నం దగ్గరా, గుంటూరు దగ్గరా అని పటం తీసి చూడటం రైల్వే పని కాదు.

పాలమూరు కథ ఇంకా రుచి. కృష్ణా నది ఒడ్డున కృష్ణ అనే ఊరుంది, నేటి నారాయణపేట జిల్లాలో. ఆ పక్కనుంచి పోయే బొంబాయి–మద్రాసు లైను 1871లోనే పూర్తయింది. ఆ ఊరి నుంచి తన పాత జిల్లా కేంద్రం మహబూబ్‌నగర్‌కు నేరుగా పట్టాలు పడటానికి మరో 152 ఏళ్లు పట్టింది. 1990ల చివర మంజూరైన మునీరాబాద్–మహబూబ్‌నగర్ లైనులో జక్లేర్–కృష్ణ ముక్క 37 కిలోమీటర్లు. దాన్ని 2023 అక్టోబర్ 1న ప్రధాని ప్రారంభించారు.

ఆ రోజున కృష్ణ స్టేషన్ గుంతకల్లు డివిజన్‌ది. బండి పోయి చేరే మహబూబ్‌నగర్ హైదరాబాద్ డివిజన్‌ది. ఒకప్పటి పక్క జిల్లా నల్లగొండ గుంటూరు డివిజన్‌ది. బండి ఆలస్యమైందని పాలమూరాయన, నల్లగొండాయన కలిసి ఒక అర్జీ రాయబోతే, పైన అడ్రసు దగ్గరే కలం ఆగిపోయేది. కంపెనీ దొరల కాలంలో ఈ చిక్కే లేదు. అందరికీ ఒకటే అడ్రసు, లండన్.