ఎండలో ప్యానెల్, నీడలో దొరగారు

మొత్తానికి ఆఫ్ గ్రిడ్ జీవితం యానాం దాకా వచ్చేసింది. కారు వెనక బుల్లి ట్రైలరు, దాని పక్కన మడత విప్పి నిలబెట్టిన సోలార్ ప్యానెల్, లోపల సూట్‌కేసంత బ్యాటరీ డబ్బా, బయట రెండు గుడ్డ కుర్చీలు. కేరళ 2021లో కారవాన్ టూరిజానికి జెండా ఊపింది మొదలు ప్రతి పర్యాటక శాఖకీ చక్రాల మంచం కల్లోకి వస్తోంది. శాఖల సంగతి సరే, సొంతానికి ట్రైలరు కొనుక్కున్నవాళ్ళ ప్రకటనలే వినలేకుండా ఉన్నాం. కరెంటు తీగతో వాళ్ళకి పనే లేదట, లావాదేవీలన్నీ నేరుగా సూర్యుడితోనేనట. తప్పించుకోవడానికి యానాం రావడం కొత్తేమీ కాదనుకోండి. 1930లో బాల్యవివాహాల్ని అడ్డుకునే శారదా చట్టం అమల్లోకొస్తే చుట్టుపక్కల బ్రిటిష్ జిల్లాల వాళ్ళు పసిపిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యడానికి అప్పట్లో ఫ్రెంచివాళ్ళదైన ఈ ఊరికి పరిగెత్తుకొచ్చారు, ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా తగిలించారు. 1995లో ఆంధ్రలో మద్యనిషేధం పెడితే దాహం తీర్చుకోవడానికొచ్చారు. మంచో చెడో, వాళ్ళు నిజంగా ఏదో ఒకటి తప్పించుకున్నారు. వీళ్ళు తప్పించుకుంటున్నదేమిటో ఎంత వెతికినా దొరకదు.

యానాం మొత్తం కలిపితే ముప్ఫై చదరపు కిలోమీటర్లు. అందులోని ఫరంపేటలో ట్రైలరు ఏ మూల ఆపినా అక్కడినుంచి కరెంటు స్తంభం కనబడకుండా ఉండాలంటే కళ్ళు మూసుకోవాలి. ఆ తీగ సామాన్యమైంది కాదు. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిశాక కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా అదంతా ఒకటే వల. ఆ వల కింద కుర్చీ వేసుకుని నేను వలకి అవతల ఉన్నానంటే చేపలు కూడా నవ్వుతాయి. ఇక డబ్బాలో ఉన్న కరెంటు మాటకొద్దాం. బయల్దేరే ముందు రోజు రాత్రి హైదరాబాదులో ఇంటి గోడ ప్లగ్గుకి గుచ్చి, నూటికి నూరు నిండిందని చూసుకున్నాకే కారెక్కారు. సింగరేణి బొగ్గు కాల్చి చేసిన కరెంటుని క్యారేజీలో పెరుగన్నంలా కట్టుకొచ్చి, గోదావరి గట్టున మూత తీసి, సూర్యభగవానుడికి దణ్ణం పెట్టడం. దీనికి ఆఫ్ గ్రిడ్ అని పేరు.

సరే, డబ్బా ఖాళీ అయ్యాకైనా ప్యానెల్ పని చెయ్యాలి కదా. అసలు తమాషా అక్కడే మొదలవుతుంది. మనిషికి నీడ కావాలి, ప్యానెల్‌కి ఎండ కావాలి. ట్రైలరంటే నాలుగు రేకులు, కాస్త ప్లైవుడ్డు. ఏప్రిల్ ఎండలో ఆరుబయట పెడితే అది పడకగది కాదు, ఆవిరి కుడుము పాత్ర. అందుకని ఫరంపేటకొచ్చిన ఏ బుద్ధిమంతుడైనా కొబ్బరి చెట్ల కిందే ఆపుతాడు. ఆపగానే ట్రైలరు పైకప్పుకి బిగించిన ప్యానెల్ చెట్టునీడలో హాయిగా నిద్రపోతుంది. దాన్ని లేపాలంటే ట్రైలరు ఎండలోకి లాగాలి. లాగితే లోపలివాళ్ళు ఉడికిపోతారు. ఉడక్కుండా ఉండాలంటే ఏసీ వెయ్యాలి. ఏసీకి కరెంటు కావాలి. కరెంటుకి ఎండ కావాలి. ఈ గుండ్రంలో ఎక్కడ దిగాలో ఆ బండి అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడు అడగడు.

అందుకే కదా మడత ప్యానెల్, ట్రైలరు నీడలో, ప్యానెల్ ఎండలో అంటారు. బాగుంది, అయితే కొబ్బరితోటలో ఎండ ఒకచోట కూర్చోదు. మట్టల సందుల్లోంచి చారలు చారలుగా పడుతుంది, గాలికి ఊగుతుంది, అరగంటకోసారి జరుగుతుంది. ప్యానెల్లో గళ్ళన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు వరసగా కలిపి ఉంటాయి. ఒక్క గడి మీద మట్ట నీడ పడితే ఆ వరసంతా నడక మందగిస్తుంది. నీడ పడ్డ వరసని పక్కకి తప్పించడానికి డయోడ్లు పెడతారు నిజమే, తప్పిస్తే మిగిలేది ఆ వరస లేని ప్యానెల్. నాలుగు మట్టల నీడ చాలు, సగం కరెంటు ఎగిరిపోవడానికి. కాబట్టి దొరగారు అరగంటకోసారి కుర్చీలోంచి లేచి ప్యానెల్‌ని జరపాలి. వడియాలు ఎండబెట్టిన మామ్మగారు కాకుల కోసం కాపలా కూర్చున్నట్టు కూర్చోవాలి. మామ్మగారికి సాయంత్రానికి వడియాలైనా మిగులుతాయి. దూరంగా ఎండపొడ ఉన్నచోట పెట్టి పొడుగాటి వైరు లాగుదామంటే తక్కువ వోల్టేజి కరెంటు వైరు పొడుగునా కొంత వేడిగా ఖర్చవుతుంది, మిగిలిన దాని మీద గేదె కాలేస్తుంది.

పోనీ నీడే లేదనుకుందాం. రెండు వందల వాట్లని ప్యానెల్ మీద రాసుంటుంది. ఆ లెక్క గడి వేడి 25 డిగ్రీలున్నప్పటిది. యానాం ఎండలో నల్లటి పలక 65 డిగ్రీలకి చేరడం వింతేమీ కాదు. ప్రతి డిగ్రీకీ వందకి నలభై పైసల చొప్పున తరుగు వేసుకుంటే ఆరో వంతు అక్కడే పోయింది. రోజుకి ఐదు గంటల మంచి ఎండ లెక్కన, వైర్లూ బ్యాటరీ తినేది కూడా తీసేస్తే ముప్పాతిక యూనిట్టు చేతికొస్తే అదృష్టం. చిన్న ఏసీకి అది గంటసేపటి మేత. ఇండక్షన్ పొయ్యికైతే అరగంట కూడా రాదు, పులస పులుసు మాట మర్చిపోండి. పులస ఎర్రనీటితో, మబ్బులతో కలిసి వస్తుంది కాబట్టి ఎలాగూ ఆ రోజుల్లో ప్యానెల్‌కి సెలవే. ఆ ముప్పాతిక యూనిట్టుతో రాత్రంతా తిరిగే ఒక ఫ్యాను, రెండు దీపాలు, నాలుగు ఫోన్లు మాత్రం బ్రహ్మాండంగా నడుస్తాయి. అంతవరకూ అది నిజంగా మంచి వస్తువు. ఫ్యానుకీ దీపానికీ అని చెప్పి అమ్మితే నోరెత్తే పనే ఉండేది కాదు.

పర్యావరణం మాటెత్తినప్పుడు మాత్రం ఒళ్ళు మండుతుంది. హైదరాబాదు నుంచి యానానికి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. లీటరుకి పదిహేను ఇచ్చే కారు ట్రైలరు లాగుతూ పదకొండు ఇచ్చిందనుకుందాం. రానూపోనూ ఇరవై నాలుగు లీటర్ల డీజిలు అదనం. లీటరు డీజిల్లో పది యూనిట్ల శక్తి, ఇంజను అందులో మూడు యూనిట్లు పనికి మార్చుకుంటుంది. అంటే డెబ్భై రెండు యూనిట్లు. రోజుకి ముప్పాతిక చొప్పున ఆ బాకీ తీర్చడానికి ప్యానెల్ దాదాపు వంద రోజులు మబ్బు లేని ఎండలో నిలబడాలి. నిలబడేది ఏడాదికి పన్నెండు రోజులు, తయారు చేసేది తొమ్మిది యూనిట్లు. మిగతా మూడు వందల యాభై రోజులు సెల్లారులో గుడ్డ కప్పుకుని పడుకుంటుంది. దీనికి బదులు ఒక కిలోవాటు ప్యానెళ్ళు ఇంటి కప్పు మీదుంటే ఆ తొమ్మిది యూనిట్లూ మూడో రోజు మధ్యాహ్నానికి వచ్చేస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి సూర్యఘర్ పథకం కింద కేంద్రమే మూడు కిలోవాట్లకి 78 వేలు ఇస్తోంది. కప్పు మీద పెడితే ఫొటో బాగా రాదు, అంతే తేడా. తక్కువ కరెంటుతో బతకడం ట్రైలరు నేర్పుతుందని ఇంకో వాదన. నేర్పుతుంది, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా. ఇంటికెళ్ళగానే మూడు గదుల్లో మూడు ఏసీలూ ఆన్.

ఇంకా మండే విషయం ఒకటుంది. తీగ తెగినప్పుడు మనిషెలా ఉంటాడో ఈ తీరానికి ఎవరూ నేర్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని పడగొట్టి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసుకుపోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖంతటి నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. 2022 జూలైలో గోదావరి యానాం వీధుల్లోకే వచ్చింది. నీళ్ళొచ్చిన వీధికి ప్రాణభయంతో కరెంటు తీసేస్తారు, ఆ వీధిలో వాళ్ళు ఆ రాత్రి ఎవరికీ చెప్పకుండా ఆఫ్ గ్రిడ్. మర్నాడు ఎండ కాసిందంటే సరిగ్గా ఈ ప్యానెలే, ఈ డబ్బానే ముప్ఫై నలభై ఫోన్లకి ప్రాణం పోస్తుంది, మేడ మీద చిక్కుకున్న ముసలామెకి దీపమవుతుంది. ఆ రోజుల్లో ఒక్క ట్రైలరూ ఈ దారిన రాదు, వరద తగ్గి గట్టు ఆరి సంక్రాంతి గాలి మొదలయ్యాకే వస్తాయి. ఇక తీగతో పని లేకుండానే గోదావరి పాయల్లో నావలోనే వండుకుని నావలోనే పడుకునే జాలరి కుటుంబాలున్నాయి. వాళ్ళది పేదరికం, దొరగారిది జీవనశైలి. రెండింటికీ దీపం ఒకటే, ధర ఒకటే కాదు.

ఇంత చెప్పినా జనరేటరు మోతకన్నా నయం కదా అనేవారుంటారు. నయమే, ఒప్పుకుంటాను. ప్రశాంతంగా ఉన్న గట్టు మీద డీజిలు జనరేటరు పెట్టేవాణ్ణి ఊరివాళ్ళే చూసుకుంటారు. అయితే ఫరంపేటలో జనరేటరు అవసరం ఎవరికొచ్చింది? కొట్టువాణ్ణి అడిగి ఓ ప్లగ్గు వాడుకుని, యూనిట్టుకి పది రూపాయలు వాడి చేతిలో పెడితే అందరికీ లాభమే. ఇక చివరికి మిగిలేది మా డబ్బు మా ఇష్టం అన్న వాదన. దానికి తిరుగులేదు. ఫ్యాను వేసుకోండి, దీపం పెట్టుకోండి, గోదావరి చూడండి, నీడ కదిలినప్పుడల్లా లేచి ప్యానెల్ జరుపుకోండి. ట్రైలరు వెనక రాయించుకున్న ఆఫ్ గ్రిడ్ అన్న ముక్క మాత్రం చెరిపించి, ‘ఇంటి కరెంటు, పార్సెల్’ అని రాయించండి. యానాంలో పడవలకి పేర్లు రాసే పెయింటర్లున్నారు, సాయంత్రానికల్లా రాసిచ్చేస్తారు.