నేను వానల ఊరి గడ్డిమరను

నేను చేత్తో నెట్టే గడ్డిమరను. నాకు ఇంజను లేదు, పెట్రోలు అక్కర్లేదు. రెండు చక్రాలు, వాటి మధ్య గిర్రున తిరిగే మెలికల కత్తులు, అడుగున కదలకుండా ఉండే ఇంకో కత్తి, నెట్టడానికి ఒక చెక్క పిడి. ఇంతే నా ఒళ్ళు. చక్రాలు ముందుకు కదిలితే మెలికల కత్తులు గడ్డిని అడుగు కత్తి మీదకు తోస్తాయి. రెండింటి నడుమ పడిన పరక కత్తెర వేసినట్టు తెగుతుంది.

మా వంశం ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో మొదలైంది. అక్కడి మిల్లుల్లో ఉన్నిబట్ట మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాలు ఉండేవి. వాటిని చూసిన ఎడ్విన్ బడింగ్‌కి, పచ్చికను కూడా ఇలాగే కోయవచ్చు కదా అని తట్టింది. 1830లో మా మూలపురుషుడికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు పెద్ద తోటల్లో మనుషులు బారులు తీరి పొడుగాటి కొడవళ్ళతో పచ్చిక కోసేవారు.

నా కాపురం మాత్రం అమెరికా పడమటి తీరాన, ఆరెగన్ రాష్ట్రంలో, కొలంబియా నది సముద్రంలో కలిసే ఆస్టోరియాలో. ఏడాదికి దాదాపు 1,700 మిల్లీమీటర్ల వాన పడే ఊరిది. 1805-06 చలికాలంలో అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల బృందం ఈ పక్కనే ఫోర్ట్ క్లాట్సాప్‌లో 106 రోజులు తలదాచుకుంటే, అందులో వాన పడని రోజులు 12 మాత్రమే. ఈ వాన చలిని వెంటబెట్టుకుని అక్టోబరులో దిగుతుంది, వసంతం దాకా వదలదు. జూలై, ఆగస్టు నెలల్లో మాత్రం చినుకు కోసం ఎదురుచూడాల్సిందే.

ఇంత వానలో గడ్డికి లోటేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడి గడ్డికి కరువు గాలికే. చలికాలమంతా మట్టి రేణువుల సందుల్లో నీరే నిండి ఉంటుంది. వేళ్ళకు ఊపిరాడదు, లోతుకు దిగవు. తడి నేల మీద మనుషులు నడిచినకొద్దీ ఆ సందులు కూడా మూసుకుపోతాయి. పైగా ఏళ్ళ తరబడి కురిసే వాన నేలలోని సున్నాన్ని కడిగేస్తుంది, మట్టి పులుస్తుంది. వేసిన నత్రజని కూడా చాలావరకు నీళ్ళతోపాటే పోతుంది. తిండి తగ్గిన గడ్డి కొసల మీద ఎర్రటి సన్నని బూజు దారాలు కనిపిస్తాయి. అది చూసినప్పుడు మందు కోసం పరుగెత్తక్కర్లేదు. కాస్త ఎరువు పడితే గడ్డి తేరుకుంటుంది.

అలా గడ్డి పలచబడిన చోట నాచు పరుచుకుంటుంది. దానికి వేళ్ళు లేవు, ఒంటితోనే నీళ్ళు తాగుతుంది. ఎండ తక్కువైనా, నేల గట్టిపడినా, మట్టి పులిసినా దానికి లెక్కలేదు. చాలామంది అన్నభేది చల్లుతారు. నాచు నల్లబడి చస్తుంది, పళ్ళకర్రతో గీకి పారేస్తారు. నీడా తడీ అలాగే ఉంటే మళ్ళీ వానాకాలానికి నాచు తిరిగొస్తుంది. నాచును తిట్టేవాళ్ళను చాలామందిని చూశాను. నా మటుకు అది నేల రోగాన్ని బయటపెట్టే సాక్షి.

మా ఇంటి పెద్దావిడకు ఈ సంగతి బాగా తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి ఎంత జోరుగా పెరుగుతుందో, నేల అంత బురదగా ఉంటుంది. ఈ కాలంలోనే అసలు పరీక్ష. వాన తెరిపి ఇచ్చిన పొద్దున ఆవిడ రబ్బరు బూట్లు వేసుకుని పెరట్లోకి వెళ్తుంది. మడమతో నేలను గట్టిగా నొక్కుతుంది. చుట్టూ నీరు ఊరితే ఆ రోజు నన్ను కదపదు. నేల పదునుకు వచ్చాకే షెడ్డు తలుపు తీస్తుంది. ముందు ఒక కాగితం ముక్కను నా కత్తుల మధ్య పెట్టి మెల్లగా తిప్పుతుంది. ఈ చివర నుంచి ఆ చివరదాకా కాగితం నలగకుండా తెగితేనే నేను పనికి సిద్ధమైనట్టు. నలిగితే అడుగు కత్తి మరలు సరిచేస్తుంది. మొద్దు కత్తి గడ్డిని కోయదు, చీలుస్తుంది. ఆ చీలిన కొస ఎండి తెల్లబారుతుంది.

పరక పొడవులో మూడోవంతుకు మించి ఒక్కసారి కోయనివ్వదు. రెండంగుళాల ఎత్తు మిగలాలి. తడి గడ్డి నా కత్తుల్లో ముద్దకట్టుకుంటే ఆగి, పుల్లతో తీసి, ఆ ముద్దల్ని ఏరేస్తుంది. లేకపోతే వాటి కింద గడ్డి కుళ్ళిపోతుంది. బరువైన యంత్రాలు మెత్తటి నేలలో చక్రాల గాడులు వేసి పోతాయి. నేను తేలిక, అందుకే ఈ నేల మీద నాకింకా చోటుంది.

సెప్టెంబరులో నాకు విశ్రాంతి, నేలకు వైద్యం. బోలు మేకులున్న పనిముట్టుతో నేలంతా రంధ్రాలు చేసి, మట్టి కడ్డీలను పైకి తీస్తారు. గాలి లోపలికి పోవడానికి, నీరు కిందికి దిగడానికి అవే దారులు. మట్టి పరీక్షలో పులుపు ఎక్కువని తేలితే సున్నపురాయి పొడి వేస్తారు. తర్వాత రైగ్రాస్, సన్న ఫెస్క్యూ విత్తనాలు చల్లుతారు. పచ్చిక విత్తనాలకు పేరుమోసిన విల్లామెట్ లోయ మా రాష్ట్రంలోనే ఉంది. వేసవి వెచ్చదనం నేలలో మిగిలి ఉండగానే తొలి వానలు పడతాయి, మొలక సులువుగా లేస్తుంది.

ఆ రోజుల్లోనే పొడుగు కాళ్ళ క్రేన్ ఈగలు గడ్డిలో గుడ్లు పెడతాయి. వాటి పురుగులు చలికాలమంతా, వసంతందాకా వేళ్ళనూ మొదళ్ళనూ కొరుకుతాయి. పెద్దావిడ ముందు అక్కడక్కడా పచ్చిక పెళ్ళ ఎత్తి ఎన్ని ఉన్నాయో చూస్తుంది. కొద్దిగా ఉంటే పక్షులకు వదిలేస్తుంది. ఒత్తుగా పెరిగిన గడ్డి ఆ మాత్రం తట్టుకుంటుంది.

స్ప్రూస్ చెట్టు నీడన ఉన్న మూల ఎన్నిసార్లు విత్తినా గడ్డి నిలవలేదు. ఆవిడ ఆ మూలను నాచుకే ఇచ్చేసింది. నాచు అక్కడ ఏడాది పొడుగునా పచ్చగా, మెత్తగా ఉంటుంది. నేను తిరిగే మేర కొంత తగ్గింది, మిగిలిన మేరలో గడ్డి మునుపటికన్నా ఒత్తుగా వచ్చింది. ఉన్న ఎరువూ శ్రమా దానికే అందుతున్నాయి మరి.

ఈ తీరాన కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళకు నా మాట ఒకటే. విత్తనం కొనకముందు ఒక చలికాలం వానలో పెరడంతా తిరగండి. నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎండ ఎక్కడిదాకా వస్తోందో చూసి పెట్టుకోండి. నీరు ఇంకిపోయి ఎండ తగిలే చోట పచ్చిక వేసి, అక్కడికి నన్ను పిలవండి. మిగతాది నాచుకూ ఫెర్న్‌లకూ వదిలెయ్యండి.